సీఆర్‌పీ 84 నుంచి 8.9కి తగ్గిందా? రెండు ల్యాబులు, ఒకే అంకె

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, చాలా కాలంగా షుగరు ఉంది. గత నెలలో జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు వచ్చాయి. మూడో రోజు స్వాబ్ పరీక్షలో హెచ్1ఎన్1 ఫ్లూ అని తేలింది, ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టారు. నాలుగో రోజు ఒక ల్యాబులో సీఆర్‌పీ 84, డి-డైమర్ 410, ఫెరిటిన్ 712 వచ్చాయి. ఆరో రోజు ఇంకో ల్యాబులో సీఆర్‌పీ 8.9, డి-డైమర్ 820, ఐఎల్-6 38. సీఆర్‌పీ పదో వంతుకు పడిపోయిందని ఊపిరి పీల్చుకున్నాం. డి-డైమర్ రెట్టింపైందని సీటీ స్కాన్ కోసం తిరిగాం. ఐదో రోజు తగ్గిన జ్వరం ఏడో రోజు చలితో మళ్లీ వచ్చింది. ఆ రాత్రే ఆయాసం, ఆక్సిజన్ 88. ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు, ప్రోకాల్సిటోనిన్ 2.8 ఉందని యాంటీబయాటిక్స్, ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు ఇంటికొచ్చారు. ఇది సైటోకైన్ స్టార్మేనని, కొవిడ్‌లో ఇచ్చిన డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) ఇప్పుడెందుకు ఇవ్వలేదని మా బాబాయి అంటున్నారు. ఆ మాత్రలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. ఆ రిపోర్టులు ముందే ఏమైనా చెప్పాయా? అమ్మకీ షుగరు, బీపీ ఉన్నాయి. రేపు తనకొస్తే ఏ పరీక్షలు, ఎప్పుడు చేయించాలి? రిపోర్టులన్నీ జతచేస్తున్నాను.
- ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ నాన్నగారి సీఆర్‌పీ (ఒంట్లో వాపు-మంటకు, అంటే ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తు) తగ్గలేదు, డి-డైమర్ (రక్తం గడ్డలు కరిగినప్పుడు మిగిలే ముక్క) పెరగలేదు. మీరు పంపిన కాగితాల్లో అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కొలమానం చూడండి. మొదటి ల్యాబు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇచ్చింది, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. డెసిలీటరంటే లీటరులో పదో వంతు. కాబట్టి రెండో ల్యాబు 8.9 మొదటి ల్యాబు లెక్కలో 89. అంటే 84 నుంచి 89. తగ్గడం మాట అటుంచి, కాస్త పెరిగింది.

డి-డైమర్‌ది ఇంకో రకం చిక్కు. దాన్ని రెండు పద్ధతుల్లో చెబుతారు. ఒకటి డీడీయూ, రెండోది ఎఫ్ఈయూ. ఒకే రక్తాన్ని రెండు పద్ధతుల్లో కొలిస్తే ఎఫ్ఈయూ అంకె సుమారు రెట్టింపు వస్తుంది. మొదటి రిపోర్టు డీడీయూలో 410, రెండోది ఎఫ్ఈయూలో 820. అంటే రెండూ ఒకటే. ధైర్యం తెచ్చుకున్న చోటా, భయపడ్డ చోటా మిమ్మల్ని పక్కదారి పట్టించింది కొలమానమే.

ఇది పట్టుకోవడానికి మెడిసిన్ చదవక్కర్లేదు. పక్కన అచ్చువేసిన మామూలు పరిమితి చూడండి. సీఆర్‌పీకి 5 లోపు లేదా 6 లోపు అని ఉంటే అది లీటరు లెక్క. 0.5 లోపు అని ఉంటే డెసిలీటరు లెక్క. డి-డైమర్‌కు 500 లోపు అని ఉంటే సాధారణంగా ఎఫ్ఈయూ, 230 - 250 లోపు అని ఉంటే సాధారణంగా డీడీయూ. కొన్ని ల్యాబులు 500 బదులు 0.5 అని మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. అన్నిటికన్నా తేలికైన దారి, వరస పరీక్షలన్నీ ఒకే ల్యాబులో చేయించడం. రెండో ల్యాబు ఇంటికి దగ్గరనో వంద రూపాయలు తక్కువనో మారితే, రెండు అంకెల మధ్య పోలిక పోతుంది. అసలు ఈ పరీక్షల విలువంతా ఆ పోలికలోనే ఉంది.

ఇక 84 నుంచి 89కి రావడానికి అర్థమేమిటి? సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే రోగనిరోధక కణాలు ఐఎల్-6 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. అది కాలేయానికి చేరాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సీఆర్‌పీ పెరగడం మొదలై, రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు 19 గంటలు. ఎంత ఎక్కువున్నా ఇదే వేగం. అంటే కాలేయానికి వెళ్లే సంకేతం పూర్తిగా ఆగిపోతే, 48 గంటల్లో 84 కాస్తా 15 దగ్గరికి రావాలి. నిజజీవితంలో సంకేతం ఒక్కసారిగా ఆగదు కాబట్టి 40కో 50కో వచ్చినా సంతోషించవచ్చు. 89 దగ్గరే నిలబడిందంటే కాలేయం అంతే వేగంతో తయారుచేస్తూనే ఉందని. జ్వరం తగ్గిన మనిషిలో, ఆరో రోజున, ఒసెల్టమివిర్ మూడు రోజులు పడ్డాక కనిపించాల్సిన లెక్క కాదది.

అయితే 89 కూడా ఒంటరిగా రోగం పేరు చెప్పదు. సీఆర్‌పీ ఇంటి కరెంటు మీటరు లాంటిది. ఎన్ని యూనిట్లు కాలాయో చెబుతుంది, ఏ గదిలో ఏది నడుస్తోందో చెప్పదు. తీవ్రమైన ఫ్లూ ఒక్కటే 80 దాటించగలదు. పిల్లల్లో అడెనోవైరస్ 100 కూడా దాటిస్తుంది, అది చూసి బ్యాక్టీరియా అనుకుని యాంటీబయాటిక్ రాసేయడం మామూలే.

ఏ గదో చెప్పే కాగితం మీ దగ్గరే ఉంది. ఉత్తరంలో మీరు ప్రస్తావించలేదు గానీ జతచేశారు: సీబీపీ, అంటే మామూలు రక్తకణాల పరీక్ష. ఈ మొత్తం ప్యాకేజీలో అన్నిటికన్నా చవకైనది ఇదే. నాలుగో రోజు తెల్లకణాలు 5,200, వాటిలో ముఖ్యంగా బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ 80 శాతం, వైరస్‌లతో పోరాడే లింఫోసైట్లు 14 శాతం. ఆరో రోజు తెల్లకణాలు 11,800, న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్లు 7. శాతాలు మాత్రమే చూస్తే లింఫోసైట్లు సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. శాతాన్ని మొత్తంతో గుణించి చూడండి. నాలుగో రోజు 5,200లో 14 శాతం, అంటే 728. ఆరో రోజు 11,800లో 7 శాతం, అంటే 826. లింఫోసైట్లు తగ్గలేదు. రెండు రోజులూ వెయ్యికి తక్కువే, తీవ్రమైన వైరల్ ఇన్ఫెక్షన్లలో అలా తగ్గడం మామూలే. మారింది న్యూట్రోఫిల్స్: 4,160 నుంచి 10,384. ఫ్లూలో తెల్లకణాలు మామూలుగానో తక్కువగానో ఉండాలి. స్టెరాయిడ్ వాడని మనిషిలో రెండు రోజుల్లో న్యూట్రోఫిల్స్ రెండున్నర రెట్లయ్యాయంటే ఫ్లూ పైకి ఇంకెవరో, బహుశా బ్యాక్టీరియా, వచ్చారని అనుమానించాలి. ఆ అనుమానం ఆరో రోజు సాయంత్రానికే రావచ్చు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, వైద్యుడు స్టెతస్కోపు పెట్టి చూడాల్సిన సమయం అదే.

ఏడో రోజు చలితో తిరిగొచ్చిన జ్వరం, 2.8 ప్రోకాల్సిటోనిన్ ఆ అనుమానాన్ని దాదాపు ఖాయం చేశాయి. ఫ్లూ వైరస్ శ్వాసనాళం లోపలి పొరను చెడగొడుతుంది. కఫాన్ని, క్రిములను పైకి నెట్టే సన్నని కేశాలున్న కణాలు రాలిపోతాయి. వైరస్‌తో పోరాడేందుకు విడుదలైన ఇంటర్‌ఫెరాన్లు అనే సంకేత ప్రోటీన్లే బ్యాక్టీరియాను మింగే కణాల పనిని కొన్నాళ్లు మందగింపజేస్తాయి కూడా. ఆ సందులో న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ లాంటివి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. 1918 నాటి ఫ్లూలో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల నమూనాలను తర్వాతి కాలంలో తిరిగి పరిశీలిస్తే, అత్యధికుల్లో బ్యాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లే కనిపించాయి. ఫ్లూ తగ్గుముఖం పట్టి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం వస్తే దాన్ని 'తిరగబెట్టింది' అని ఇంట్లో కూర్చోకూడదని వైద్యులు పదేపదే చెప్పేది ఇందుకే.

ప్రోకాల్సిటోనిన్ గురించి కాస్త. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో అది నాలుగు నుంచి ఆరు గంటల్లో పెరుగుతుంది, తగ్గేటప్పుడు రోజుకు దాదాపు సగమవుతుంది. వైరస్ ఒక్కటే ఉన్నప్పుడు విడుదలయ్యే గామా ఇంటర్‌ఫెరాన్ దాన్ని అణచిపెడుతుంది, అందుకే సాధారణంగా 0.25 లోపే ఉంటుంది. 2.8 అంటే బ్యాక్టీరియా వైపు బాగా మొగ్గినట్టే. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ లేకపోయినా పెరగవచ్చు, తీవ్రమైన కొవిడ్‌లో బ్యాక్టీరియా లేకుండానే కొంచెం పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. తక్కువగా ఉందని బ్యాక్టీరియా లేదని ఖాయంగా చెప్పలేం. యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి అది చాలా పనికొస్తుంది. మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి మాత్రం రోగిని చూసే నిర్ణయించాలి.

ఇప్పుడు బాబాయి గారి మాటకొద్దాం. సైటోకైన్ స్టార్మ్ (రోగనిరోధక సంకేతాలు అదుపు తప్పి ఉప్పొంగడం) అనే మాట 2020లో ఇంటింటికీ చేరింది, అప్పటి నుంచి ఎర్ర అక్షరాల్లో వచ్చిన ప్రతి రిపోర్టుకూ అదే పేరు పెడుతున్నారు. మీ నాన్నగారి ఐఎల్-6 38 పీకోగ్రాములు. మామూలు పరిమితి 7 దగ్గర కాబట్టి అయిదు రెట్లని భయమేస్తుంది. క్యాన్సర్‌కు కార్-టి కణ చికిత్స తీసుకున్నవాళ్లలో వచ్చే అసలు సిసలు సైటోకైన్ ఉప్పెనలో ఐఎల్-6 సగటున వేలల్లో ఉంటుంది, సెప్సిస్‌లో వందల్లో. తీవ్రమైన కొవిడ్ అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టినప్పుడు సగటు 37 దగ్గర తేలింది. 'తుపాను' అన్న పేరు కొవిడ్‌కే సరిగ్గా అతకదని నిపుణులు వాదించింది అందుకే. న్యుమోనియా మొదలవుతున్న షుగరు రోగిలో 38 ఏ వింతా కాదు. ఐఎల్-6 గంటగంటకూ మారుతుంది, నమూనాను వెంటనే వేరుచేయకపోతే అంకె తప్పుతుంది. ఇంట్లో ఉన్న రోగికి ఆ పరీక్ష చేయించడం డబ్బు దండగ. ఫలితం ఎంతొచ్చినా ఇంటి దగ్గర చేయగలిగేది మారదు.

ఫెరిటిన్ 712 కూడా ఇంతే. అది ఇనుమును దాచిపెట్టే ప్రోటీన్, ఇన్‌ఫ్లమేషన్‌లో పెరుగుతుంది. షుగరు, కొవ్వు పట్టిన కాలేయం, మద్యం అలవాటు, తరచూ రక్తం ఎక్కించుకోవడం, ఇవన్నీ ఏ జ్వరమూ లేకుండానే దాన్ని 400 దాటిస్తాయి. రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగేసే హెచ్ఎల్‌హెచ్ అనే అరుదైన జబ్బులో అది వేలల్లో ఉంటుంది. 10,000 దాటితే వైద్యులు ఆ వైపు గట్టిగా ఆలోచిస్తారు. అప్పుడు కూడా ప్లేట్‌లెట్లు పడిపోవడం, ప్లీహం పెరగడం, ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఫైబ్రినోజెన్ తగ్గడం లాంటివి తోడవ్వాలి. వానాకాలంలో మన జిల్లాల్లో డెంగీ ఒక్కటే ఫెరిటిన్‌ను వేలకు చేరుస్తుంది, ఫీవర్ ప్యాకేజీ పేరుతో అన్నీ కలిపి చేయించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకో వైపు, రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో మొదలే ఫెరిటిన్ 10 ఉంటే, ఇన్‌ఫ్లమేషన్‌తో 80కి వచ్చినా 'నార్మల్' అని అచ్చవుతుంది.

అసలు తీవ్రమైన వైరల్ న్యుమోనియా అంతా రోగనిరోధక శక్తి ఎక్కువై వచ్చేది కాదు. చాలాసార్లు మొదట్లో తక్కువై, తర్వాత ఎక్కువవుతుంది. వైరస్ కణంలోకి దిగగానే ఒకటో రకం ఇంటర్‌ఫెరాన్లు హెచ్చరిక మోగించాలి. ఫ్లూ వైరస్‌లోని ఎన్ఎస్1 అనే ప్రోటీన్ ఆ హెచ్చరికను అణచేస్తుంది. ఆలస్యంగా మోగిన హెచ్చరిక పెద్దదిగా మోగుతుంది. అప్పటికే వైరస్ విపరీతంగా పెరిగి ఉంటుంది, దాన్ని తుడిచేయడానికి దూసుకొచ్చిన కణాలు ఊపిరితిత్తుల గదుల్లో నీరు నింపేస్తాయి. 2020లో ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కొవిడ్ రోగులను పరీక్షిస్తే 101 మందిలో తమ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు దొరికాయి, వాళ్లలో 95 మంది మగవాళ్లు. అంటే ప్రతి పదిమందిలో ఒకరికి సమస్య మొదలైంది లోటుతో. ఇమ్యూనిటీ బూస్టర్ అంటూ అమ్మే పొడులు ఈ రెండిట్లో దేన్ని సరిచేస్తాయో అమ్మేవాళ్లను అడగాలి.

డెక్సామెథాసోన్ సంగతి. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద ప్రయోగంలో కొవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మీదున్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం మామూలు వైద్యంతో 14.0 ఉంటే, డెక్సాతో 17.8. ఈ మూడో అంకె 2021 రెండో వేవ్‌లో మన ఊళ్లలో ఎవరి చెవినా పడలేదు. మూడో రోజు జ్వరానికే మందుల షాపులో స్టెరాయిడ్ కొన్నారు. షుగరు ఎగబాకింది. ఆ వేసవిలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోవడానికి షుగరు, స్టెరాయిడ్ల జోడీ ముఖ్య కారణాల్లో ఒకటి.

ఆ ఫలితాలు కొవిడ్‌వి. ఫ్లూలో స్టెరాయిడ్ వాడినవాళ్లలో మరణాలు, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయని పరిశీలనలు చెబుతున్నాయి. ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లకే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటారు కాబట్టి ఆ లెక్కను పూర్తిగా నమ్మలేం. కానీ మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు, అందుకే మార్గదర్శకాలు ఫ్లూకు స్టెరాయిడ్ వద్దనే అంటాయి. ఆస్తమా, సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదరడం లాంటి వేరే కారణం ఉంటే తప్ప. ఐసీయూకి చేరిన తీవ్ర న్యుమోనియాలో హైడ్రోకార్టిసోన్ ప్రాణాలు కాపాడిందని 2023లో ఫ్రాన్స్ నుంచి ఒక ప్రయోగం వచ్చిన మాట నిజమే. అందులో మరణాలు 11.9 శాతం నుంచి 6.2కి తగ్గాయి. అయితే ఆ ప్రయోగంలో ఫ్లూ రోగులను చేర్చుకోలేదు. మీ నాన్నగారి వైద్యులు డెక్సా ఇవ్వకపోవడం పొరపాటు కాదు, సరైన నిర్ణయం.

ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ గురించి ఎవరైనా అంటే దానికీ ఇదే జవాబు. రికవరీ ప్రయోగంలో కొవిడ్ రోగులను సీఆర్‌పీ 75 దాటడంతోపాటు ఆక్సిజన్ 92 కన్నా తక్కువ ఉండటమో, ఆక్సిజన్ పెట్టాల్సి రావడమో కూడా ఉంటేనే చేర్చుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది అప్పటికే స్టెరాయిడ్ మీదున్నారు. మరణాలు 35 శాతం నుంచి 31కి తగ్గాయి. 84 వచ్చింది కదా, 75 దాటింది కదా అని సీఆర్‌పీ ఒక్కదాన్ని పట్టుకుంటే షరతులో సగమే చదివినట్టు. ఆ ఇంజెక్షన్ పడ్డాక ఐఎల్-6 పరీక్ష చేస్తే పెరిగినట్టు వస్తుంది, ఎందుకంటే మందు దాని గ్రాహకాన్ని మూసేయడంతో అది రక్తంలోనే ఉండిపోతుంది. సీఆర్‌పీ వారాలపాటు అడుగుకు పడిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా చేరినా జ్వరమూ ఉండదు, సీఆర్‌పీ కూడా పెరగదు.

ఇంట్లో ఉన్న డెక్సా మాత్రలు తీసేయండి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సా సుమారు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానం. అది వేసుకున్న మర్నాడే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, సీఆర్‌పీ పడుతుంది. ఇంటిల్లిపాదీ మందు పనిచేసిందనుకుంటారు. లోపల వైరస్, బ్యాక్టీరియా తమ పని చేసుకుపోతుంటాయి. న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, ఇయోసినోఫిల్స్ సున్నా అవుతాయి. మీ నాన్నగారి సీబీపీలో కనిపించిన ఆ ఒక్క ఆధారం కూడా చెడిపోయేది, పెరిగింది బ్యాక్టీరియా వల్లో మాత్ర వల్లో తేల్చలేకపోయేవాళ్లు. ఒక్క జాగ్రత్త: ఆస్తమాకో కీళ్లవాతానికో ఎప్పటినుంచో స్టెరాయిడ్ వాడేవాళ్లు ఇది చదివి ఉన్నపళంగా ఆపకూడదు. ఆపితే అది వేరే ప్రమాదం.

మీ అమ్మగారికి రేపు ఫ్లూ లక్షణాలు వస్తే మొదటి రెండు రోజులు రక్తపరీక్షల కన్నా మందు ముఖ్యం. షుగరున్న మనిషి కాబట్టి స్వాబ్ ఇచ్చి, ఫలితం కోసం ఆగకుండా ఒసెల్టమివిర్ మొదలుపెట్టమని వైద్యుణ్ని అడగండి. పెద్దలకు 75 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, అందుకే క్రియాటినిన్ ఒక్కటి ముందే చూసుకోవాలి. 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం. ఆ గడువు దాటినా ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఇస్తారు. తిండి సరిగా తినలేకపోతే, వాంతులవుతుంటే షుగరు మాత్రల్లో గ్లిఫ్లోజిన్ రకం (పేరు చివర ఆ మాట ఉండేవి), మెట్‌ఫార్మిన్ కొనసాగించాలో లేదో ఆ రోజే ఫోన్ చేసి కనుక్కోండి. గ్లిఫ్లోజిన్లతో షుగరు మరీ పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఒక కాగితం పెట్టుకుని ఆరు గంటలకోసారి జ్వరం, ఆక్సిజన్, నిమిషానికి ఎన్ని శ్వాసలు అనేవి రాయండి. శ్వాసల లెక్కను ఎవరూ పట్టించుకోరు, అన్నిటికన్నా ముందు మారేది అదే. ఆమెకు చెప్పకుండా, మాట్లాడించకుండా, పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు పెద్దదవుతుంది. ఆక్సీమీటరు పెట్టేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, గోళ్లరంగు తీసి, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, అంకె కుదురుకునేదాకా నిమిషం ఆగి రాయండి. ముదురు చర్మం మీద ఈ పరికరాలు అసలు కన్నా ఎక్కువ చూపే అవకాశం ఉంది. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరికరం కనిపెట్టలేకపోయిన ఆక్సిజన్ లోటు నల్లజాతి రోగుల్లో తెల్లవారి కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందుకని ఒక అంకెను పట్టుకోకుండా, రోజురోజుకూ ఎటు పోతోందో చూడండి. కూర్చున్నప్పుడు 95 - 96 ఉంటే ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. మూడు పాయింట్లు పడినా, 94 లోపుకు వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. కూర్చున్నప్పుడే 94 లోపుంటే నడిపించొద్దు, నేరుగా బయల్దేరండి.

కొవిడ్‌కు మన కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన హద్దులు ఫ్లూలోనూ పనికొస్తాయి. శ్వాసలు 24 చేరినా, ఆక్సిజన్ 90 - 93 మధ్య ఉన్నా ఆసుపత్రిలో చేర్చాలి. శ్వాసలు 30 దాటినా, ఆక్సిజన్ 90 లోపుకు పడినా ఐసీయూ స్థాయి. తగ్గిన జ్వరం మళ్లీ రావడం, కఫంలో నెత్తురు జీర, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, పై బీపీ 100 లోపుకు రావడం, వీటిలో ఏది కనిపించినా రక్తపరీక్ష ఫలితం కోసం ఇంట్లో ఆగకండి.

రక్తపరీక్షల మాటకొస్తే, మూడో రోజో నాలుగో రోజో జ్వరం దిగకపోతే సీబీపీ, సీఆర్‌పీ, క్రియాటినిన్, షుగరు చాలు. మళ్లీ 48 గంటలకు అదే ల్యాబులో. రోజూ చేయిస్తే అటూఇటూ ఊగే అంకెలు చూసి భయపడటం తప్ప లాభం లేదు. సీఆర్‌పీ అడిగితే గుండెజబ్బుల కోసం చేసే హెచ్ఎస్-సీఆర్‌పీ చేసిపెట్టే ల్యాబులున్నాయి, మామూలుదే కావాలని చెప్పండి. ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) చేయిస్తే, నమూనా తీసేటప్పుడో తీసుకెళ్లేటప్పుడో ఎర్రకణాలు పగిలినా అది పెరుగుతుంది. రిపోర్టులో హీమోలైజ్డ్ అని రాసి ఉంటే దాన్నీ పొటాషియంనూ మళ్లీ చేయించాలి. డి-డైమర్ గొట్టం నీలిమూతది, గీత దాకా నిండాలి, సగం నిండితే అంకె నమ్మదగింది కాదు. జుట్టు కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబులో ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో ఫెరిటిన్, ప్రోకాల్సిటోనిన్, ట్రోపోనిన్ అంకెలను అది తప్పుగా తగ్గించి చూపిస్తుంది.

డి-డైమర్ మీద ఒక్క మాట. రక్తం గడ్డ లేదని తేల్చడానికి 50 దాటినవాళ్లకు వయసును పదితో గుణించిన అంకెను ఎఫ్ఈయూ హద్దుగా వాడతారు. మీ నాన్నగారికి అది 640. 820 అంటే కొద్దిగా పైన, న్యుమోనియాలో ఆ మాత్రం ఉండటం మామూలే. గడ్డ అనుమానంతో చేసే సీటీ స్కాన్ ఊపిరితిత్తుల రక్తనాళాలకు చేసేది. ఒక కాలే వాయడం, హఠాత్తుగా ఛాతీ నొప్పి, ఎక్స్‌రేలో ఉన్నదానికి పొంతన లేనంతగా ఆక్సిజన్ పడిపోవడం, ఇలాంటివుంటే వెంటనే చేయిస్తారు. అంకె ఒక్కటి చూసి కాదు.

ఏ అంకెకు ఎంత బరువో చూడాలంటే, బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగులకు తయారుచేసిన 4సీ స్కోరు మంచి ఉదాహరణ. మొత్తం 21 పాయింట్లు. అందులో వయసుకు 7 దాకా వస్తాయి. 60 - 69 మధ్య వయసుకే 4. శ్వాసల వేగానికి 2 దాకా, ఆక్సిజన్‌కు 2, యూరియాకు 3 దాకా. సీఆర్‌పీ ఎంత పెరిగినా దానికి 2 మించవు. ఫెరిటిన్, ఐఎల్-6, డి-డైమర్ ఆ స్కోరులో అసలు లేవు.

నాన్నగారికి ఇంకో రెండు పనులు మిగిలాయి. ఆరు వారాల తర్వాత ఛాతీ ఎక్స్‌రే మళ్లీ తీయించండి. న్యుమోనియా మచ్చ పూర్తిగా కరిగిందో లేదో ఈ వయసులో చూసుకోవాలి, ముఖ్యంగా పొగతాగే అలవాటుంటే. ఒంట్లో నలత లేని రోజు చూసి ఇద్దరికీ న్యుమోకాకల్ టీకా గురించి అడగండి. ఫ్లూ టీకా ఏటా వానలు మొదలవకముందే వేయించాలి. ఎక్స్‌రే రోజునే నాన్నగారికి ఫెరిటిన్ కూడా చేయించండి. జ్వరం పోయాక కూడా 500 మించి ఉంటే అది ఫ్లూ వల్ల కాదు. లివర్ ఎంజైములు, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఇనుము ఎక్కువైందేమో చూసే పరీక్ష), పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించి కాలేయంలో కొవ్వు ఎంతుందో చూడమని షుగరు డాక్టరుకు ఆ కాగితం ఇవ్వండి.